బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో వాలంటీరుగా: దరఖాస్తు నుంచి బ్యాడ్జి తిరిగిచ్చేదాకా

2024 అక్టోబరు రెండో వారంలో దరఖాస్తు పెట్టాను. వార్డులో మొదటిసారి పని చేసింది 2025 ఫిబ్రవరి చివర్లో. ఈ మధ్యలో ఏమవుతుందో ముందే ఎవరైనా చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది. అందుకే పూసగుచ్చినట్టు రాస్తున్నాను.

మాది కాకినాడ. విశాఖలో బీఫార్మసీ చేసి, 2024 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో పబ్లిక్ హెల్త్ ఎమ్మెస్సీలో చేరాను. క్లాసులో రోజూ ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ గురించే చర్చ. వెయిటింగ్ లిస్టులు, ఖాళీ లేని మంచాలు, ముసలివాళ్ళు పెరుగుతున్న జనాభా. నేను మాత్రం ఇక్కడి ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కలేదు. ఇంకో కారణం దాచడమెందుకు, రేపు ఉద్యోగానికి పనికొస్తుందన్న ఆశ కూడా ఉంది. ఆసుపత్రి పేరు మాత్రం రాయను.

ఇక్కడ మా అద్దింట్లో ఉన్నవాళ్ళందరం తెలుగువాళ్ళమే. జీతం లేకుండా ఆసుపత్రిలో పని చేస్తానని నేను చెప్పగానే వంటింట్లో నవ్వులే నవ్వులు. అప్పటికి 21 ఏళ్ళు దాటినవాళ్ళకి కనీస వేతనం గంటకి 11.44 పౌండ్లు. నాలుగు గంటలు వేర్‌హౌస్‌లో నిలబడితే 45 పౌండ్ల పైనే, మన డబ్బుల్లో దాదాపు అయిదు వేలు. "ఊరికే పని చేయడానికి ఇంత లోన్ తీసుకుని రావాలా?" అని ఒకడు అడిగాడు. వాడి మాటలో తప్పేం లేదు. ఫీజు కట్టాల్సిన నెలల్లో ఆ లెక్క నాకూ గుర్తొచ్చేది.

ముందు వీసా సంగతి తేల్చుకున్నాను. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి కదా, మరి ఇది అందులోకి వస్తుందా? యూనివర్సిటీలో వీసా సలహాలు ఇచ్చేవాళ్ళకి మెయిల్ పెడితే నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. జీతం లేకుండా, కాంట్రాక్టు లేకుండా, జీతానికి చేసేవాళ్ళ పని మనం చేయకుండా ఉంటే అది 20 గంటల్లోకి రాదు. బస్సు ఖర్చు తీసుకోవచ్చు. అదే జీతం లేకపోయినా కాంట్రాక్టు ఉండి, వచ్చి తీరాలన్న షరతు ఉంటే అది పని కిందే లెక్క. ఆ మెయిల్ ఇప్పటికీ దాచుకున్నాను. మీరూ అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో చెప్పే సీనియర్ల మాట మీద ఆధారపడొద్దు.

దరఖాస్తు ఆన్‌లైన్లోనే, రుసుము లేదు. నెల రోజులు ఉలుకూ పలుకూ లేదు. నవంబరు మధ్యలో ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంటర్వ్యూ అంటే చిన్న గదిలో టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకోవడమే. ఎందుకు రావాలనుకుంటున్నావు, ముసలివాళ్ళతో ఓపిగ్గా ఉండగలవా, ఆర్నెల్లు కచ్చితంగా వస్తావా అని అడిగారు. ఆర్నెల్ల ప్రశ్న దగ్గర ఇంటర్వ్యూ చేసినావిడ కాస్త నొక్కి అడిగింది. విద్యార్థులు జనవరిలో టైమ్ టేబుల్ మారగానే మాయమవుతారట. ఇంకో ప్రశ్న: "పేషంటు దాహంగా ఉంది, నీళ్ళిమ్మంటే ఏం చేస్తావు?" మనిళ్ళలో దాహమన్న మనిషికి నీళ్ళివ్వకపోతే పాపం. కానీ ఫార్మసీ చదివిన బుర్ర అడ్డుపడింది, నర్సుని అడిగి ఇస్తానన్నాను. ఆపరేషన్‌కి ముందు నోట్లో ఏమీ వేయకూడనివాళ్ళు ఉంటారు, పల్చటి నీళ్ళు మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయేవాళ్ళు ఉంటారు. వార్డులో తర్వాత నేను రోజూ వాడిన జవాబు కూడా అదే.

ఇక కాగితాల పర్వం.

వాలంటీర్లకి డీబీఎస్ ఉచితం. అంటే నేరాలేమైనా ఉన్నాయేమో చూసే తనిఖీ. కష్టం ఎక్కడొచ్చిందంటే, అయిదేళ్ళ చిరునామాలు ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా రాయాలి. నాది 2019 నుంచి లెక్క. కాకినాడ ఇల్లు, విశాఖ హాస్టలు, 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఇంటికి, మళ్ళీ హాస్టలు, మధ్యలో సెకండ్ వేవ్‌కి మళ్ళీ ఇంటికి. ఏ నెలలో ఎక్కడున్నానో ఎవరికి గుర్తుంటుంది? ఫోన్లో పాత ఫోటోలు, రైలు టికెట్ల మెసేజీలు వెతికి రాశాను. మన డోర్ నంబర్లలోని అడ్డగీతలు, చుక్కలు ఆ ఫారానికి మింగుడుపడవు, ఎర్ర గీత గీసి వెనక్కి పంపుతుంది. ఇండియా పోలీస్ సర్టిఫికెట్ కూడా అడుగుతారేమోనని భయపడ్డాను. మా ఆసుపత్రిలో అడగలేదు.

ఇక్కడి చిరునామాకి రుజువు ఇంకో తలనొప్పి. అద్దెలోనే కరెంటు, గ్యాసు కలిసిపోతాయి కాబట్టి నా పేరు మీద ఏ బిల్లూ లేదు. యాప్‌లోంచి ప్రింట్ తీసిన బ్యాంకు స్టేట్‌మెంట్ చెల్లదన్నారు. బ్రాంచికి వెళ్ళి అడిగితే ముద్ర కొట్టి ఇచ్చారు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పని కోసం ఒక వారం పోయింది, ఎందుకంటే నాకు క్లాసు లేని వేళల్లో బ్రాంచి తెరిచి ఉండదు.

రిఫరెన్సులు రెండు కావాలి. ఒకటి ఇక్కడి ట్యూటర్ వెంటనే ఇచ్చారు. రెండోది విశాఖలో మా సారు. ఆయన పాపం అదే రోజు నింపి పంపారు, కానీ జీమెయిల్ నుంచి. సంస్థ మెయిల్ నుంచే రావాలని తిప్పికొట్టారు. కాలేజీ మెయిల్ పాస్‌వర్డు ఆఫీసులో ఎవరి దగ్గరుందో కనుక్కుని, సారు మళ్ళీ పంపేసరికి పన్నెండు రోజులు. "ఏమ్మా, ఉద్యోగం ఎంత జీతం?" అని సారు అడిగితే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అన్నిటికంటే ఆలస్యం చేసింది టీకాలు. వీసా కోసం హైదరాబాద్‌లో ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని తెచ్చిన టీబీ సర్టిఫికెట్ ఉంది కదా, అది చాలనుకున్నాను. చాలదు. ఆసుపత్రి సిబ్బంది ఆరోగ్యం చూసే విభాగంలో నర్సు నా ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ వెతికింది. ఉంది. అయినా టీబీకి రక్తపరీక్ష చేయాలంది, ఎక్స్‌రే కనిపెట్టలేని నిద్రాణమైన టీబీ ఉందేమో చూడటానికట. దానికి డబ్బు తీసుకోలేదు. ఫలితం వారంలో వచ్చింది, నెగటివ్. తర్వాత ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) అడిగింది. రెండు డోసులు వేసినట్టు కాగితం కావాలి. అమ్మకి ఫోన్ చేస్తే బీరువా అంతా దులిపి, నా పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు, తమ్ముడి టీకాల కార్డు తీసింది. నాది లేదు. "నీకు అన్నీ వేయించాను, నాకు తెలీదా?" అని అమ్మకి కోపం. కానీ అమ్మ మాట ఇక్కడ సర్టిఫికెట్ కాదు. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు దగ్గర మొదటి డోసు డిసెంబరు మొదట్లో వేశారు, రెండోది కనీసం నెల ఆగాలి. అది కూడా ఉచితమే. క్రిస్మస్ సెలవులు అడ్డొచ్చి జనవరి రెండో వారం అయింది. కాబట్టి వచ్చేటప్పుడు టీకాల కార్డు వెతికి తెచ్చుకోండి, లేకపోతే వచ్చిన వారంలోనే జీపీ దగ్గర నమోదు చేయించుకుని మొదటి డోసు వేయించేసుకోండి.

ఈలోగా డీబీఎస్ సర్టిఫికెట్ పోస్టులో వచ్చి, హాల్లో పిజ్జా కరపత్రాల కుప్ప కింద పడి ఉంది. పాత అద్దెదారుల ఉత్తరమనుకుని ఎవరో పక్కన పెట్టారట. దాని అసలు కాగితమే చూపించాలి.

జనవరి ఆఖరి వారంలో ట్రైనింగు. ఆన్‌లైన్ పాఠాలు ఇంట్లోనే: అగ్నిప్రమాదం, ఇన్ఫెక్షన్లు, రోగుల సమాచారం బయటపెట్టకపోవడం, ఎవరినైనా హింసిస్తున్నట్టు అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి. ఒక్కోదాని చివర పరీక్ష. ఆసుపత్రిలో జరిగినదే బాగుంది. చేతులకి ఏదో క్రీము రాసి, కడుక్కోమని, తర్వాత నీలం లైటు కింద పెట్టించారు. కడగని చోట మెరుస్తుంది. అందరికీ బొటనవేళ్ళ చుట్టూ, గోళ్ళ దగ్గర మెరిసింది.

ఇక్కడ మోచేతుల కింద ఏమీ ఉండకూడదు. గాజులు, వాచీ, గోళ్ళ రంగు, పొడుగు చేతుల బట్టలు ఏవీ కుదరవు. సాదా పెళ్ళి ఉంగరం ఒక్కటే ఒప్పుకుంటారు. నా చేతికి అన్నవరంలో కట్టిన తోరం ఉంది, విమానం ఎక్కేముందు అమ్మ కట్టించింది. తడి తగిలిన దారంలో క్రిములు చేరతాయని వాళ్ళు చెప్పింది సబబే. అయినా కత్తెర పెట్టడానికి మనసొప్పలేదు, ముడి విప్పి బ్యాగు జిప్పుకి కట్టుకున్నాను. అమ్మకి చెప్పలేదు. వాలంటీర్ల టీషర్టు, బ్యాడ్జి వాళ్ళే ఇచ్చారు. ముందుభాగం మూసి ఉండే నల్లబూట్లు మనమే కొనుక్కోవాలి, ప్రైమార్క్‌లో 12 పౌండ్లు పెట్టాను. మొత్తం ప్రక్రియకి నా జేబులోంచి పోయింది ఇదీ, బస్సు ఖర్చులూ. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒక్కో ప్రయాణానికి ఉన్న 2 పౌండ్ల గరిష్ఠ ఛార్జీ 2025 జనవరి 1 నుంచి 3 పౌండ్లయింది. షిఫ్టు మొదలయ్యాక టికెట్లు చూపిస్తే ఆ డబ్బు వెనక్కిస్తారు, కానీ నెల చివర బ్యాంకులో వేస్తారు. ఇంటర్వ్యూకీ, రక్తపరీక్షకీ తిరిగినవి ఇవ్వరు.

ఫిబ్రవరిలో మొదటి షిఫ్టుకి బయల్దేరి బస్సులో ఉండగా ఫోన్. వార్డులో నోరోవైరస్, రావొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వార్డు మూసేస్తారు, బయటివాళ్ళని రానివ్వరు. రెండు వారాలు అలాగే గడిచాయి. నాలుగు నెలలు ఎదురుచూసి చివరికి బస్టాపు నుంచి వెనక్కి రావడం, ఆ రోజు మాత్రం నిజంగా ఏడుపొచ్చింది.

నాకిచ్చింది ముసలివాళ్ళ వార్డు, మధ్యాహ్నం భోజనాల వేళ. ప్రతి శనివారం. మొదటి రోజు నేను వస్తున్నట్టు వార్డులో ఎవరికీ తెలీదు. నర్సులు పరుగులు, మిషన్ల కూతలు, నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏం చేయమంటారని అడిగితే ఒకామె "ఒక్క నిమిషం, బ్యాబ్" (ఇక్కడివాళ్ళ ముద్దు పిలుపు) అని వెళ్ళి ముప్పావుగంట కనిపించలేదు. ఇలా నిలబడటానికేనా ఇన్ని కాగితాలు అనిపించింది. ఇది రెండు మూడు వారాలు తప్పదు, మీకూ జరుగుతుంది. మీరు మళ్ళీ వస్తారని వాళ్ళకి నమ్మకం కుదిరాకే పని చెబుతారు.

పని ఏంటంటే, పెరుగు డబ్బా మూత తీయడం. నవ్వకండి, పని నిజంగా అదే. ఎనభై అయిదేళ్ళ కీళ్ళవాతం చేతులకి ఆ రేకుమూత రాదు. బిస్కెట్ ప్యాకెట్ చింపడం, రొట్టెకి వెన్న రాయడం, టేబుల్ మంచానికి దగ్గరగా లాగడం, తినేముందు చేతులు తుడుచుకోవడానికి తడి కాగితం ఇవ్వడం. వీళ్ళలో కొందరి ట్రే తీసేటప్పుడు అన్నీ మూతలతోనే ఉండేవి. ఆకలి లేదేమోనని రాసేసుకునేవారు. ఎర్ర ట్రే వచ్చిందంటే ఆ మనిషికి తినడానికి సాయం కావాలని గుర్తు, నీళ్ళ జగ్గుకి ఎర్రమూత ఉన్నా అంతే. మింగడం కష్టమైనవాళ్ళకి నీళ్ళలో చిక్కదనం పొడి కలుపుతారు, అన్నీ మెత్తగా రుబ్బి పెడతారు. వాళ్ళ జోలికి మేం వెళ్ళకూడదు. తినిపించడానికి వేరే ట్రైనింగు ఉంటుంది, నేను ఏప్రిల్లో చేశాను. చెంచాతో తినిపించేటప్పుడు మనం నిలబడకూడదు, కూర్చుని, వాళ్ళ కళ్ళకి సమానంగా ఉండాలి. మా నాయనమ్మ చివరి రోజుల్లో మేమంతా నిలబడే తినిపించాం.

ఎనభై దాటినవాళ్ళని పేరు పెట్టి పిలవడం నాకు చాలా రోజులు నోరు తిరగలేదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ మంచం దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఏ పేరుతో పిలిస్తే ఇష్టం, టీలో చక్కెర ఎన్ని చెంచాలు, ఏం పని చేసేవారు, దేనికి భయపడతారు. లాంగ్‌బ్రిడ్జ్ కార్ల ఫ్యాక్టరీలో పని చేసిన తాత ఒకాయన ఉండేవాడు. 1959లో అక్కడ మినీ కార్లు మొదలైనప్పటి కబుర్లు ప్రతి శనివారం మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు. 2005లో ఆ కంపెనీ కుప్పకూలిన సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. ఒక శనివారం వెళ్తే ఆ మంచంలో వేరే ఆయన ఉన్నాడు. ఇంటికెళ్ళాడా, ఇంకో వార్డుకా, లేక... అడగకూడదు. రోగుల సమాచారం నాకు తెలుసుకునే హక్కు లేదు. ట్రైనింగులో దాని మీద పరీక్ష రాసి నూటికి నూరు తెచ్చుకున్నాను. ఆ వేళ బస్సులో ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

మన దగ్గర పెద్దాసుపత్రిలో మంచానికొక అటెండెంటు, కింద చాప, క్యారియరు. ఇక్కడ మనిషి ఒక్కడే. పిల్లలు ఊళ్ళోనే ఉన్నా వారానికోసారి వచ్చేవాళ్ళని చూశాను, రోజూ రెండు బస్సులు మారి వచ్చే ముసలి భర్తనీ చూశాను. ఇక జబ్బు తగ్గిపోయి, ఇంట్లో చూసుకునే మనిషి ఏర్పాటయ్యేదాకా వారాల తరబడి వార్డులోనే ఉండిపోయేవాళ్ళు ఎందరో. క్లాసులో ఇదే విషయం మీద వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. వార్డులో అదే మనిషి "ఇవాళైనా పంపిస్తారా?" అని నన్ను అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

మే నెలలో ఒక తెలుగు మామ్మగారు వచ్చారు. కోనసీమ వైపు ఆవిడ, కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆవిడ ఎవరో తెలియకూడదని కొన్ని వివరాలు మార్చాను. నేను పలకరించగానే నా చెయ్యి పట్టేసుకున్నారు. "ఏ ఊరమ్మా మీది? కాకినాడా! చూడమ్మా, ఎముక విరిగినదాన్ని ఆపరేషన్ చేసిన మర్నాడే లేచి నడవమంటున్నారు, వీళ్ళకేమైనా మతుందా?" ఇక్కడ పద్ధతి అదే, ఎంత ఆలస్యమైతే అంత నిమోనియా, రక్తం గడ్డల భయం. కానీ అది నేను చెప్పకూడదు. వైద్యానికి సంబంధించిన మాట ఏదైనా ఫోన్లో దుబాసీ ద్వారానే. వాలంటీరు కాదు, ఇంట్లోవాళ్ళు కూడా కాదు. మొదట హిందీ దుబాసీని పెట్టారు, ఆవిడకి హిందీ ముక్క రాదు. అందరూ ఆవిడకి అర్థమైందనుకున్నారు. ఆవిడ తెలుగు మాట్లాడతారని నర్సుకి చెప్పడం వరకు నేను చేయగలిగింది. మర్నాడు తెలుగు దుబాసీ ఫోన్లోకి వచ్చాడట. అంతవరకు నొప్పి ఎంతుందో ఎవరూ సరిగ్గా అడగలేదు. ఆ నియమం మంచిదే, నాకు తెలుసు. మందు పేరో మోతాదో తప్పుగా చెబితే ఎవరు బాధ్యులు? అయినా నొప్పని నా చెవిలో చెబుతుంటే "ఉండండి మామ్మగారూ, నర్సుని పిలుస్తాను" అనడం తప్ప ఏం చేయలేకపోవడం చాలా కష్టంగా ఉండేది.

భోజనం సంగతి మాత్రం నాదే. శాకాహారం, చపాతీ, కూర వచ్చేవి. "ఉప్పూ కారం లేని కూర, దీనికంటే పస్తు నయం" అనేవారు. ఇంటి నుంచి తెచ్చినది వార్డులో వేడి చేయనివ్వరు. కొడుకు పెరుగన్నం, మాగాయ తేవడం మొదలుపెట్టాడు, వేడి చేయక్కర్లేదు కదా. నర్సు సరేనన్నాక డబ్బా మూత తీసి ఇచ్చేదాన్ని. కొడుకు ముఖంలో వేరే దిగులుండేది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి వార్డులో చేర్చుకున్నాక వైద్యం ఉచితం కాదు, ఎన్‌హెచ్‌ఎస్ తన లెక్క ప్రకారం అయ్యే ఖర్చుకి ఒకటిన్నర రెట్లు వేస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకున్నారు కానీ, పాత షుగరు, ఎముకల బలహీనత ముందే చెప్పలేదని కంపెనీ మెలిక పెడుతోందన్నాడు. చివరికి ఏమైందో తెలీదు. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు ఆ ఫారంలో పాత జబ్బులన్నీ రాయండి, ప్రీమియం ఎక్కువైనా సరే.

జూన్ నాటికి వార్డులో నా పేరు అందరికీ వచ్చేసింది. నేను లోపలికి రాగానే "నాలుగో బేలో ఎర్ర ట్రేలు మూడు" అని హెల్త్‌కేర్ అసిస్టెంట్ అరిచేది (బే అంటే వార్డులో కొన్ని మంచాలుండే భాగం). ఆ అరుపు విన్నప్పుడు కలిగిన సంతోషం ఏ అసైన్‌మెంట్ మార్కులకీ కలగలేదు. డిసర్టేషన్ రోజుల్లో ఒక్కో శనివారం కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిన మాటా నిజమే.

ఉద్యోగం సంగతి అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి అదీ చెబుతాను. దీనివల్ల స్పాన్సర్‌షిప్, అంటే ఉద్యోగ వీసాకి యజమాని పూచీ, రాదు, ఎవరైనా వస్తుందని చెబితే నమ్మొద్దు. ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికి నిజమైన సంఘటనలుంటాయి, అది మాత్రం పనికొచ్చింది. సెప్టెంబరులో బ్యాడ్జి, ఉతికిన టీషర్టు తిరిగిచ్చాను. రిఫరెన్సు అడిగితే మూడు వారాలకి వచ్చింది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా వార్డు, ఇన్ని గంటలు. ఎలా చేశానన్న మాట ఒక్కటీ లేదు, అందరికీ అంతేనట. అలాంటి మాట కావాలంటే మానేసేముందే వార్డు సిస్టర్‌ని (వార్డుకి పెద్ద నర్సుని) అడిగి రెండు ముక్కలు మెయిల్లో రాయించుకోండి, మానేశాక వాళ్ళ మెయిల్ చిరునామా కూడా మనకి దొరకదు.